చాలదు

రాత్రి ఒంటిగంటా పదకొండుకి
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ ఫోను.
"సార్, పొగండీ" అన్నాడు. మంట అనలేదు.
పొగకి ఒక బండి. అదే లెక్క.
మీరావలి స్టీరింగు, దేవదానం గారు పక్క సీటు,
వెనక నలుగురు, నాలుగువేల అయిదొందల లీటర్లు.
నేను కంట్రోల్ రూములో,
విరిగి అతుక్కున్న మోకాలితో,
రిజిస్టరుకి గీతలు కొట్టుకుంటూ.

ఒంటిగంటా ఇరవై ఆరు. సెట్టులో గరగర.
ఇరవయ్యేళ్లుగా వింటున్న గొంతు,
పెళ్లిపందిట్లో కూడా ఆర్డరేసినట్టు మాట్లాడే గొంతు,
ఒక్క మాట అంది:
"చాలదు."

తొందరపడి అంటే పిరికివాడంటారు.
ఆలస్యంగా అంటే ఎంక్వయిరీ వేస్తారు.
నిప్పు ముందు నిలబడి ఒక మనిషి
తనెంత చిన్నవాడో కొలుచుకుని
ఆ కొలత పైకి చెప్పడం అది.

మేము మంటని డిగ్రీల్లో కొలవం,
ఊళ్లలో కొలుస్తాం.
మంగళగిరి అంత మంట.
మంగళగిరీ తెనాలీ కలిసినంత మంట.
సత్తెనపల్లి చేరితే
పెద్దాఫీసరు నిద్రలేచే మంట.
వారధి దాటి బెజవాడ బండి వచ్చిందంటే
కలెక్టరాఫీసులో లైట్లు వెలిగే మంట.

కిటికీల్లేని గోడలు. చలి కోసం కట్టినవి
ఇప్పుడు వేడిని దాచుకుంటున్నాయి.
నీళ్లు గోడని తడిపి కాలవలోకి పోతున్నాయి, ఎర్రగా.
"జేసీబీ పంపు. ఒకటి కాదు, రెండు. కాదు, ప్రొక్లెయిన్."
"కరెంటోళ్లని లేపు."
"అమోనియా తెలిసినోడు ఎవడన్నా ఉంటే..."

ఎవరూ అడగని లెక్కొకటి నా దగ్గరుంటుంది.
తెనాలి బండి ఇక్కడికొస్తే తెనాలి షెడ్డు ఖాళీ.
ఆ ఖాళీలో నిలబడ్డానికి రేపల్లె బండి బయల్దేరాలి.
అప్పుడు రేపల్లె ఖాళీ.
మంట ఉన్నచోటే ఉంటుంది. ఖాళీ నడుస్తుంది,
లంకల దాకా, సముద్రం దాకా.

నాలుగూ పదికి కొల్లిపర నుంచి ఒక ముసలామె:
"నాయనా, పాక అంటుకుందయ్యా."
రేపల్లె బండి ఇంకా వేమూరు దగ్గరే ఉంది.
"వస్తోందమ్మా" అన్నాను.
ఎంతసేపట్లో అని ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.
అయిదింటికి మళ్లీ తనే చేసింది:
"అరటితోట మోటారుతో ఆర్పారయ్యా.
పాక పోయింది, మేకపిల్ల దక్కింది.
బండి వద్దులే ఇంక,
అక్కడేదో పెద్ద మంటంట గదా."

తెల్లారేసరికి ఊరంతా దగ్గు.
మా నాయనమ్మ దిష్టి తీసి
ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేది.
ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు.
యాభైవేల టిక్కీలు తగలబడితే
చుట్టుగుంట నుంచి బ్రాడీపేట దాకా కళ్లు మండాయి.
దిష్టి కాదు నాయనమ్మా. వైరింగు.

గేటు దగ్గర ఫిరంగిపురం రైతు సైదారావు
బాండు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నిలబడ్డాడట.
నూట నలభై టిక్కీలు, తేజ రకం.
రేటు పెరుగుద్దని మూడు నెలలు ఆగాడట.
ఎవర్నీ తిట్టలేదట,
ఏ పైపు నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ ఉన్నాడట.
మీరావలి చెప్పాడు, కళ్లు నులుముకుంటూ.

మూడోరోజు మధ్యాహ్నం సెట్టులో దేవదానం గారు,
గొంతు సగం పోయి:
"తెనాలి వాళ్లని ముందు పంపించు.
తర్వాత బెజవాడ. సత్తెనపల్లి కూడా."
చాలు అని మాత్రం అనలేదు.
పొగ ఇంకా వస్తోంది, ఒక బండి ఉంచమన్నాడు.
పొగకి ఒక బండి.

బండ్లన్నీ షెడ్లకి చేరాయి, టైములు వేశాను.
కొల్లిపర లైను దగ్గర
మంట ఏపాటిదో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.
చిన్నది, మధ్యరకం, పెద్దది,
ఈ మూడిట్లో ఏదో ఒకటి రాయాలి.
డ్యూటీ దిగే టైమైంది.
పెన్ను మూత తీసి కూర్చున్నాను.